చీకటి ప్లేటు

పొద్దున్నే ముందుగదిలో ఫోటో అద్దం తుడవడం ఆ ఇంటి కోడలి పనుల్లో కొత్తగా చేరింది. మొదట తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో. ఈ క్రమం తప్పితే అద్దం మీద చారలు పడతాయనీ, చారలు పడితే కొడుకు మొహంలో కళ తగ్గిపోతుందనీ అత్తగారి బెంగ. ఆ మొహంలో కళ ఉందా లేదా అన్నది వేరే సంగతి. కంటి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ ఆవిడకి లోకంలో ఉన్న ప్రతి మరకా కనిపిస్తోంది, ఒక్క కొడుకు మీదవి తప్ప.

"అమ్మాయ్, మూలల్లో కూడా తుడువు. నిన్న పక్కింటావిడ కూర్చున్నంతసేపూ మూలనున్న దుమ్మే చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది" అంది ఆవిడ సోఫాలోంచి.

మూలలు తుడవాలంటే ఫోటోని మేకు మీంచి దించాలి. ఆమె దించి, కుర్చీలో కూర్చుని ఒళ్లో పెట్టుకుంది. ఒక పత్రికలో వచ్చిన ఫోటో అది. అత్తగారు పక్కింటావిడ కొడుకుని బతిమాలి దాన్ని పెద్దది చేయించి, చట్రం కట్టించింది. అందులో భర్తగారు తెల్ల కోటు తొడుక్కుని కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. ఆ కోటు ఏళ్ల తరబడి బీరువాలోనే ఉండబట్టి దాని మడతలు ఫోటోలో కూడా కనిపిస్తున్నాయి. రెండు వేళ్లతో ఒక గాజు గొట్టాన్ని ఎండకి ఎత్తి పట్టుకుని, కళ్లు అరమూసి, దేవుడితో మాట్లాడుతున్నట్టు దానికేసి చూస్తున్నారు. కింద పెద్ద అక్షరాల్లో 'వెలుగుతో జబ్బుని వేటాడే శాస్త్రవేత్త' అని ఉంది. ఇన్నాళ్లూ ఆమె ఆ మొహం మీద గుడ్డ తిప్పి వదిలేసేది. ఆ మొహం రోజూ చూసేదే కదా, ప్రత్యేకంగా చూడ్డానికేముంది?

ఇవాళ ఎడమవైపు కింది మూల తుడుస్తుంటే ఆమె చెయ్యి ఆగిపోయింది. ఆ మూలన కిటికీ గట్టు మీద ఒక చిన్న బ్రౌన్ సీసా ఉంది. దానికి మూత లేదు. పక్కనే విప్పి పడేసిన అల్యూమినియం ఫాయిల్ ముడతలు పడి ఉంది. ఆమె కళ్లు సీసా మీంచి గాజు గొట్టం మీదికి వెళ్లాయి. గొట్టంలో ఉన్నది లేత నిమ్మపండు రంగు నీళ్లు. ఆ రంగు ఆమెకి కన్నబిడ్డ మొహం కంటే బాగా తెలుసు.

"ఏమిటమ్మా, అంతసేపు చూస్తున్నావు వాణ్ణి?" అని మురిసిపోయింది అత్తగారు.

"నిజమే అత్తయ్యగారూ. ఇన్నాళ్లూ సరిగ్గా చూడలేదు" అంది ఆమె.

ఆమెని పరిశోధన సంస్థలో కుర్రకారంతా చాటుగా చీకటమ్మ అంటారు. ఆమెకీ ఆ సంగతి తెలుసు. పగలంతా ఒక చీకటి గదిలో ఎర్ర బల్బు కింద పనిచేసే మనిషికి అంతకంటే మంచి పేరేం పెడతారు? ఆమె తయారు చేసేది కంటికి కనపడని ఒక చిన్న అణువుని. మనిషి కణంలో డీఎన్ఏ మెలితిరిగిన నిచ్చెనలా ఉంటుంది. ఆ మెలికల వెంట సన్నటి గాడి ఒకటి నడుస్తుంది. ఈ అణువు ఆ గాడిలో దూరి, అతుక్కుని, ఇక కదలదు. నిచ్చెన విచ్చుకోలేదు, కణం తన నకలు తీసుకోలేదు, చచ్చిపోతుంది. జబ్బు కణాన్ని చంపితే మంచిదే. కానీ అణువుకి మంచీ చెడూ తెలియవు, దొరికిన ప్రతి కణాన్నీ పట్టుకుంటుంది. అందుకని ఆమె దానికి ఒక మూత తగిలించింది. మూత ఉన్నంతసేపూ అది గాడిలో పట్టదు, ఎవరికీ హాని చెయ్యదు. వెలుగు తగిలితే మూత ఊడుతుంది. వెలుగు ఎక్కడ వేస్తే అక్కడే, ఆ జబ్బు ఉన్నచోటే, మందు మేలుకుంటుంది. ఒకసారి ఊడిన మూత మళ్లీ అతకదు. అందుకే ఆ చీకటి గది, ఆ ఎర్ర బల్బు, ఆ బ్రౌన్ సీసాలు, వాటి మీద ఫాయిల్.

ఆ విభాగానికి పెద్ద భర్తగారే. సంస్థలో అందరూ ఆయన్ని పెద్దసారు అంటారు. ఆయన చీకటి గదిలోకి ఎప్పుడో గాని రారు. వస్తే తలుపు దగ్గరే నిలబడి, "ఇంట్లో మూతలు, ఇక్కడా మూతలు. మూతలు పెట్టడంలో మా ఆవిడ తర్వాతే ఎవరైనా" అని జోకు వేస్తారు. వెనకున్నవాళ్లు నవ్వుతారు. ఆ జోకు అరిగిపోయిన రికార్డయి చాలా కాలమైంది, అయినా జీతం పుచ్చుకునేవాళ్లు నవ్వక ఏం చేస్తారు? ఒకప్పుడు ఆయన చేతులకీ పని వచ్చు. చదువుకునే రోజుల్లో ఒకే బల్ల దగ్గర నిలబడి, ఆమె గొట్టం పట్టుకుంటే ఆయన బొట్టు బొట్టుగా పోసేవారు. ఆ చేతులు చూసే ఆమె పెళ్లికి ఒప్పుకుంది. తర్వాత ఆయనకి మైకు దొరికింది. మైకు దొరికిన మగవాడికి బల్ల దగ్గర ఏం పని?

పోయిన వార్షికోత్సవంలో ఆ మైకు పుచ్చుకునే ఆయన అన్నారు: "ఈ అణువు స్త్రీలాంటిది. లోపల అంతులేని శక్తి. పైన ఒక మూత. ప్రేమ అనే వెలుగు సోకితే చాలు, ఆ మూత తొలగి, ఆమె తన శక్తిని లోకానికి పంచుతుంది." చప్పట్లు దద్దరిల్లాయి. ముందు వరసలో కూర్చున్న ఒకావిడ కళ్లు కూడా తుడుచుకుంది. ఆయన భార్యకి మాత్రం ఒళ్లు మండిపోయింది. ఆ మూత ఆకాశం నుంచి ఊడిపడలేదు, తను చేతులు కాల్చుకుని, ఒకటికి పదిసార్లు చెడగొట్టుకుని తగిలించింది. వెలుగుకి ప్రేమా లేదు, దయా లేదు. తగులుతుంది, బంధం తెంచుతుంది, అంతే. పైగా ఆ మందు చేసే పని శక్తి పంచడం కాదు, గొంతు పట్టుకుని వదలకపోవడం. స్త్రీ అలాంటిదే అని ఆయన నిజంగా నమ్మితే ఇంట్లో రాత్రి నిశ్చింతగా ఎలా నిద్రపోతున్నారో! ఇంటికొచ్చాక "ఎలా ఉంది నా మాట?" అని అడిగారు. "కూర వేడి చేస్తాను, కూర్చోండి" అంది. ఆయన దాన్ని మెచ్చుకోలు కింద జమ వేసుకున్నారు.

ఇక అసలు సంగతి. మందు పనిచేస్తుందని ఒప్పించాలంటే కణాల్ని పెంచే చిన్న ప్లేట్లు రెండు కావాలి. రెండింటిలోనూ ఒకే కణాలు, ఒకే మందు. ఒక ప్లేటు మీద వెలుగు వేస్తారు, రెండోది చీకట్లో ఉంచుతారు. వెలుగు ప్లేటులో కణాలు చావాలి, చీకటి ప్లేటులో బతకాలి. చావడం అందరూ చూస్తారు గాని, అసలు గొప్పతనం చీకటి ప్లేటు బతకడంలో ఉంది. అక్కడ చచ్చాయంటే అది మందు కాదు, ఉత్త విషం. సంస్థ సమీక్షకి పంపాల్సిన పరీక్షలో సరిగ్గా అదే జరిగింది. రెండు ప్లేట్లూ చచ్చాయి. ఆమె రెండింటినీ మళ్లీ మళ్లీ సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసింది.

గది అంతా వెతికింది. తలుపు సందుల్లోంచి వెలుతురు వస్తోందేమోనని నేల మీద పడుకుని మరీ చూసింది. చివరికి సీసాలో మిగిలినదాన్ని పరీక్షకి పెడితే, అణువులు విడిగా, ఊడిన మూతలు విడిగా తేలాయి. అంటే కణాల దాకా వెళ్లకముందే, సీసాలోనే మందుకి వెలుగు తగిలింది. ఆ గది తాళం ఆమె దగ్గర ఒకటి, పెద్దసారు దగ్గర ఒకటి. పెద్దసారు ఆ గదిలోకి రారు. ఇంకెవరిది తప్పు? అప్పుడామెకి ఇంకోటి గుర్తొచ్చింది. అత్తగారి కంటి ఆపరేషన్‌కి సెలవు పెట్టి, ఇంట్లో కర్టెన్లన్నీ లాగి, ఆవిడ కళ్లకి వెలుతురు తగలకుండా కాపలా కాసి, మళ్లీ పనిలోకి వెళ్లిన రోజు సీసా మీద ఫాయిల్ వేరేగా ఉంది. ఆమె ఫాయిల్ చుడితే అంచులు రెండు మడతలు వేసి, మడత సీసా అడుక్కి తిప్పుతుంది. ఆవేళ అది తిని పారేసిన పొట్లంలా నలిగి ఉంది. ఆపరేషన్ కంగారులో తనే అలా చుట్టి పోయిందేమో అనుకుంది. అలా అనుకోవడం ఆమెకి అలవాటు. పాలు పొంగినా, ఇంటికొచ్చిన చుట్టం మొహం ముడుచుకున్నా, కారు స్టార్ట్ కాకపోయినా ఆ ఇంట్లో మొదట వెతికేది ఆమె చేసిన తప్పునే. అందరూ వెతికే చోట ఆమె కూడా వెతకడం నేర్చుకుంది.

ఆ రోజు భోజనాల దగ్గర, "తప్పు నాదేనండీ. సీసా సరిగ్గా చుట్టలేదు. మీకు చెడ్డపేరు తెచ్చాను" అని చెప్పుకుంది. ఆయన నాలుగు మెతుకులు నమిలి, మంచినీళ్లు తాగి, "పర్లేదులే. మనుషులన్నాక పొరపాట్లు చేస్తారు. ఇకమీదట జాగ్రత్తగా ఉండు" అన్నారు. అత్తగారు "వాడి మనసు వెన్న" అంది. ఆమె కూడా, చెప్పుకుంటే సిగ్గుచేటు, ఆ క్షణంలో వెన్నే అనుకుంది.

ఇప్పుడు ఆ వెన్న ఒళ్లో ఉంది, చట్రంలో, గాజు గొట్టం ఎండకెత్తి పట్టుకుని. ఆమె ఫోటో తీసుకుని పడగ్గదిలోకి వెళ్లింది. భర్తగారు మంచం మీద కూర్చుని ఒక కాలు చాచి ఉన్నారు.

"సాక్సులేవోయ్?"

"ఈ ఫోటో ఎప్పుడు తీశారు?"

"అదా! బాగా వచ్చింది కదూ? అమ్మ ఆపరేషన్ టైములో. నువ్వు సెలవులో ఉన్నావుగా. పత్రికవాళ్లు ఉన్నట్టుండి ఊడిపడ్డారు."

"ఆ గొట్టంలో ఉన్నదేమిటి?"

"ఏదో... మన శాంపిలే."

"నా బ్రౌన్ సీసాలోది."

"మరి బ్రౌన్ సీసా పట్టుకుంటే ఏం కనపడుతుంది? దగ్గుమందు అమ్ముకునేవాడిలా ఉన్నారు సార్ అన్నాడు ఫోటోగ్రాఫర్. అందుకని గాజు గొట్టంలో పోశాను. అయిపోగానే మళ్లీ సీసాలోకే వంపేశాను. ఒక్క చుక్క వృథా కాలేదు. ఫాయిల్ కూడా నేనే చుట్టాను."

చుట్టాను అన్న మాట గర్వంగా అన్నారు. ఎప్పుడైనా తిన్న కంచం సింకు దాకా మోసిన రోజు కూడా ఆ గొంతులో ఇదే గర్వం ఉంటుంది, ఆ మాట నలుగురికీ తెలిసేదాకా ఉంటుంది.

"ఎంతసేపు పట్టుకున్నారు ఎండలో?"

"ఎంతసేపేమిటి, ఫోటో తీసినంతసేపు. ఇటు తిరగండి, అటు తిరగండి, ఇంకొంచెం పైకెత్తండి, నవ్వకండి, ఆలోచించండి అంటూ వాడు ఊరికే ప్రాణం తీశాడు."

"ఎండ తగిలితే మూత ఊడుతుందని మీకు తెలీదా?"

"తెలీకపోవడమేమిటి? ఆ మాత్రానికే ఏమవుతుందిలే అనుకున్నా."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఈయన సంతకం పెట్టే ప్రతి కాగితంలోనూ మొదటి పేజీలోనే ఉంటుంది, పగటి వెలుతురు కూడా తగలరాదని. ఆ వాక్యం రాసింది ఆమె. చదివినవాళ్లెవరో ఆమెకి ఇప్పుడర్థమైంది, ఎవరూ లేరు. ఇంట్లో కర్టెన్ సందులోంచి తల్లి కంటి మీద కాస్త వెలుతురు పడితే "నీకు బుద్ధుందా?" అని తన మీద కేకలేసిన మనిషి, అదే రోజుల్లో వెళ్లి తన ఇన్నేళ్ల పనిని కిటికీలో ఆరబెట్టాడు.

"చీకటి ప్లేటు చచ్చిపోయిందని నేను మీకు క్షమాపణ చెప్పుకున్నాను. మీరు పర్లేదన్నారు."

"అన్నాగా! ఒక్క మాటైనా తిట్టానా? ఇంకొకడైతే ఎంత గొడవ చేసేవాడో తెలుసా?"

ఆమెకి నవ్వొచ్చింది. ఏడుపు రావాల్సిన చోట నవ్వు రావడం ఆమెకి అదే మొదటిసారి. ఇంతకాలం ఈయన మాటలకి బాధపడింది, కోపం తెచ్చుకుంది, ఒకటి రెండుసార్లు పుట్టింటికి వెళ్లిపోదామనుకుని చీరలు కూడా సర్దుకుంది. అవన్నీ ఎదుటివాడు తన ఎత్తుకి సరిపోయే మనిషైనప్పుడు పడాల్సిన పాట్లు. ఒక కాలికి సాక్సు లేకుండా మంచం మీద కూర్చున్న ఈ మనిషి కోసం తను ఇన్నాళ్లూ గుండెలు బాదుకున్నానా అనుకుంటే సిగ్గేసింది. ఆ సిగ్గులోనే ఎంతో తేలికగా కూడా అనిపించింది.

ఆయనకి ఆమె మౌనం ఒప్పుకోలులా వినపడింది. ఎప్పుడూ అలాగే వినపడుతుంది. గొంతు తగ్గించి, దగ్గరగా జరిగి, "చూడు, వచ్చే వారమే సమీక్ష. ఆ ప్లేటు సంగతి వాళ్ల దగ్గర ఉంది, అడుగుతారు. జవాబు లేకపోతే ఇది మందు కాదు విషమని మూసిపారేస్తారు. నీ పనే పోతుంది, నా మాట విను. తలుపు పొరపాటున తెరిచి ఉంచానని నువ్వు చెప్పేయ్. ఒక్క మాట. అంతటితో అయిపోతుంది" అన్నారు.

"నేను చెబితే చీకటి గది నా చేతిలో ఉంచుతారా?"

ఆయన దుప్పటి ముడతలు సర్దారు. "కొన్నాళ్లు పక్క విభాగం కుర్రాడెవడైనా చూసుకుంటాడు. నువ్వు పక్కనుండి నేర్పుదువుగాని. ఎలాగూ అమ్మకి రెండో కన్ను కూడా చేయించాలి, నువ్వు ఇంట్లో ఉండాల్సిందేగా. అసలు నీకూ నాకూ తేడా ఏముంది? నీ పేరు పోతే నా పేరు ఉంటుంది. నా పేరు పోతే ఇద్దరికీ ఏమీ ఉండదు."

ఈ దశ దాటితే విభాగం నీదే అని ఈయనే అన్నారు, పోయిన సమీక్షకి ముందు. ఆ ముందు సమీక్షకి ముందు కూడా అన్నారు. తర్వాత దశలో ఈ మందు ఆసుపత్రి గడప తొక్కుతుంది. ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే అవుతుంది. ఇన్నేళ్లూ ఎర్ర బల్బు కింద కళ్లు పొడుచుకున్నది, వెలుగు వేసే రోజు వచ్చాక గది ఖాళీ చేసి కుర్రాడికి మూతలు పెట్టడం నేర్పడానికా? అందుకు బదులుగా తను ఇవ్వాల్సింది ఒక్క మాటట. ఈ ఇంట్లో ఆ ఒక్క మాట ఎన్నిసార్లు ఇచ్చిందో! కూరలో ఉప్పు ఎక్కువైందని ఇచ్చింది, మామగారు పోయినప్పుడు పరామర్శకి వచ్చినవాళ్లకి కాఫీ ఆలస్యమైందని ఇచ్చింది, కూతురికి గణితంలో మార్కులు తగ్గాయనీ ఇచ్చింది. ఆ మాట అంత చవకగా దొరుకుతుందని ఆయనకి నేర్పింది తనే. ఇవాళ బజారుకెళ్లినట్టు మళ్లీ వచ్చారు.

"సాక్సులు రెండో సొరుగులో ఉంటాయి. పెళ్లయిన దగ్గర్నుంచీ అక్కడే ఉన్నాయి" అని చెప్పి ఆమె బయటికి వచ్చి ఫోటో మేకుకి తగిలించింది.

ఆ వారం ఆమె ఇంటికి ఆలస్యంగా వచ్చింది. కూర మాడిందనీ, అద్దం మీద చారలున్నాయనీ అత్తగారు సణిగింది. ఆమె తల కూడా ఎత్తలేదు. పొడి రూపంలో దాచి ఉంచిన మందులోంచి కొంచెం తీసి, ఎర్ర బల్బు కింద కొత్తగా కరిగించి, బ్రౌన్ సీసాలో పోసి, ఫాయిల్ రెండు మడతలు వేసి చుట్టింది. మళ్లీ రెండు ప్లేట్లు పెట్టింది. ఒకదాని మీద వెలుగు వేసింది. రెండోదాన్ని చంటిపిల్లని నిద్రపుచ్చినట్టు చీకట్లో పడుకోబెట్టింది. పరీక్ష పూర్తయ్యాక మొదట చీకటి ప్లేటే సూక్ష్మదర్శిని కింద పెట్టింది. కణాలు ప్లేటు అడుక్కి అంటుకుని, చేతులు చాచుకుని, ఒకదాన్నొకటి ఆనుకుని హాయిగా ఉన్నాయి. అన్నీ బతికే ఉన్నాయి. వెలుగు ప్లేటులో ఒక్కటీ మిగల్లేదు. ఆమె ఆ చీకట్లో ఒంటరిగా నిలబడి గట్టిగా నవ్వింది. నా మందు మంచిదే, నా మూత గట్టిదే అనుకుంది. నా చేతిలో ఏ తప్పూ లేదు అని కూడా అనుకుంది. ఆ మాట మనసులో అనుకోవడానికే ఎంతో కొత్తగా ఉంది.

సమీక్ష రోజు పొద్దున ఆమె ఒక గుడ్డసంచీతో కారెక్కింది. దారిలో ఒకసారి అడిగింది. "ఫోటో కోసం నేనే తీశాను, ఎండ తగిలింది అని మీరే చెప్పెయ్యండి. అందులో అంత నామోషీ ఏముంది? రెండో పరీక్ష బాగానే వచ్చింది, మందుకి ఢోకా లేదు."

ఆయన పకపకా నవ్వారు. "నేనా? ఫోటో కోసం శాంపిల్ ఎండలో పెట్టానని? నన్ను చూసి కుర్రవాళ్లు కూడా నవ్వరూ? నువ్వు చెబితే ఎవరూ నవ్వరోయ్. పాపం, ఇల్లూ ఆఫీసూ రెండూ చూసుకునే మనిషి అనుకుంటారు." ఆమె సంచీ ఒళ్లోకి లాక్కుంది. ఒక అవకాశం ఇవ్వాలనుకుంది, ఇచ్చింది.

సమీక్షకి ముగ్గురొచ్చారు. వాళ్లలో పెద్దాయన సన్నగా, పొడుగ్గా, ఎవరి మాటకీ తల ఊపని మనిషి. భర్తగారు గంభీరంగా మొదలుపెట్టి, మానవాళి మీదుగా, భవిష్యత్తు మీదుగా ప్రయాణం చేసి, అణువు దాకా రాకుండానే ముగించారు. పెద్దాయన కాగితం తిప్పి, "మొదటి పరీక్షలో చీకటి ప్లేటులో కణాలు ఎందుకు చచ్చాయి? రెండోసారి ఎందుకు బతికాయి? నాకు అదొక్కటే కావాలి" అన్నాడు.

భర్తగారు చిరునవ్వు నవ్వారు. ఇంటికొచ్చిన చుట్టాల ముందు 'ఇవాళ వంట కొంచెం అటూ ఇటూ అయింది, ఏమనుకోకండి' అనేటప్పుడు నవ్వే నవ్వు అది. "చిన్న మానవ తప్పిదం సార్. గది చూసుకునేది ఆవిడే. ఆవిడే చెబుతారు" అని ఆమెకేసి చెయ్యి చాపారు.

ఆమె లేచి నిలబడింది. గుడ్డసంచీలోంచి చట్రం తీసి, కొంగుతో అద్దం ఒకసారి తుడిచి, ఎక్కడ తుడిచినా ముందు మూలలు చూసుకోవడం అలవాటైపోయింది కాబట్టి మూలలు కూడా తుడిచి, బల్ల మీద పెద్దాయన ముందు పెట్టింది.

"ఇది మా ఇంట్లో ముందుగదిలో ఉండే ఫోటో అండీ. పరీక్షకి ముందు, నేను సెలవులో ఉన్నప్పుడు తీసింది. కింది మూలన విప్పి ఉన్న సీసా మొదటి పరీక్షకి వాడింది. చేతిలో గొట్టంలో ఉన్నది అందులోని మందు. దాని మీద పడుతున్నది ఎండ. మూతలు అక్కడే ఊడిపోయాయి. సీసాలో మిగిలినదాన్ని పరీక్షించాను, ఆ ఫలితం మీ కాగితాల్లో ఉంది. చీకటి గది తలుపు నేను తెరిచి ఉంచలేదు. ఎప్పుడూ ఉంచను."

పెద్దాయన కళ్లజోడు సవరించుకుని ఫోటో మీదికి వంగాడు. తర్వాత దాన్ని పక్కాయన చేతికిచ్చాడు. పక్కాయన అవతలాయనకి ఇచ్చాడు. అవతలాయన మొదట మడతల కోటు చూసి పెదవి బిగపట్టుకుని, తర్వాత సీసా చూసి నవ్వు ఆపుకోలేక దగ్గు తెచ్చుకున్నాడు.

"ఇది... ఇది ఇంటి విషయం సార్" అన్నారు భర్తగారు. గంటల తరబడి మైకు వదలని మనిషికి ఆ పూట దొరికిన మాట అదొక్కటే.

"ఇంటి విషయమైతే ఇంట్లో మందు పోసుకుని ఫోటో దిగాల్సింది" అన్నాడు పెద్దాయన తల ఎత్తకుండానే. "చీకటి గది తాళం మీ దగ్గర కూడా ఒకటి ఉండాలి. అది ఇలా పెట్టండి. తర్వాత దశ ఈవిడ నడుపుతారు. సంతకాలు కూడా ఈవిడవే."

తాళాల గుత్తిలో ఇంటి తాళం, కారు తాళం, బీరువా తాళం అన్నీ ఉన్నాయి. చీకటి గదిది ఏదో ఆయనకి తెలియదు. ఒకటి చూశారు, ఇంకోటి చూశారు, అలవాటుకొద్దీ ఆమెకేసి చూశారు. ఆమె కిటికీకేసి చూస్తూ కూర్చుంది. సాక్సులు ఎక్కడున్నాయో చెప్పడం వేరు, ఇది వేరు. చివరికి గుత్తి మొత్తం బల్ల మీద పెట్టేస్తే, పెద్దాయన పిలిపించిన గుమాస్తా వచ్చి దాన్ని విడదీశాడు.

సాయంత్రం ఆమె ఒక్కతే బస్సులో వచ్చింది. భర్తగారిని ఇంకా లోపలే కూర్చోబెట్టి ఏవో అడుగుతున్నారు. తలుపు తీసేసరికి అత్తగారు ముందుగదిలో గోడకేసి చూస్తూ నిలబడి ఉంది.

"అమ్మాయ్, ఫోటో ఏదీ? పొద్దుట్నుంచీ నా ప్రాణం ప్రాణంలో లేదు. దొంగలు గాని ఎత్తుకుపోయారా?"

"నేనే పట్టుకెళ్లాను అత్తయ్యగారూ. సమీక్షకి పెద్దవాళ్లొచ్చారు కదా, వాళ్లకి చూపించాను."

ఆవిడ మొహం చాటంత అయింది. "చూశారా? అందరూ చూశారా?"

"అందరూ చూశారు. చేతులు మార్చుకుని మరీ చూశారు. మీరన్నట్టు మూలలు కూడా తుడిచే ఇచ్చాను."

"ఏమన్నారు మావాణ్ణి చూసి?"

"వాళ్ల దగ్గరే అట్టేపెట్టుకుంటామన్నారు."

"నేను చెప్పలేదూ! అది ఇంట్లో దాచుకునే ఫోటో కాదు, నలుగురూ చూడాల్సిందని ఎన్నిసార్లు మొత్తుకున్నాను! ఇప్పటికైనా వాడి విలువ తెలిసింది." ఆవిడ సోఫాలో వెనక్కి వాలి, కాసేపటికి మళ్లీ గోడకేసి చూసింది. "మేకు బోసిగా ఉందమ్మాయ్. వాడిదే ఇంకో ఫోటో ఏదైనా తగిలించు."

ఆమె చెప్పులు విప్పి, సంచీ కుర్చీ మీద పెట్టి, ఆ గోడని ఒకసారి చూసింది.

"అక్కర్లేదు అత్తయ్యగారూ. ఉత్త గోడకి రోజూ తుడిచే పనుండదు."